ఎన్‌సీఎల్‌టీలో రికార్డయిన రాజీ: ఎవరిని కడుతుంది, ఎవరిని కట్టదు

మీరు పంపిన ఆర్డరు ఫొటోలు చూశాను. మూడు పేజీల ఆర్డర్లో రెండు పేజీలే వచ్చాయి. ఈ రాజీ ఎవరిని కట్టి పడేస్తుంది, ఆగిన డబ్బు ఎలా రాబట్టుకోవాలి అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఆ రాని మూడో పేజీలోనే ఉంది. అందుకే ఈ సమాధానం అక్కడక్కడా "ఇలా ఉంటే ఇది, అలా ఉంటే అది" అన్నట్టు సాగుతుంది, ఏమీ అనుకోకండి.

ముందు మీ సంగతి నాకు అర్థమైనంత వరకు చెప్తాను. చీమకుర్తిలో మీ నాన్నగారు పెట్టిన గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఆయన పోయాక పెద్దన్నయ్య ఎండీ. మీరు, తమ్ముడు డైరెక్టర్లు. చెల్లెమ్మ పేరున 5 శాతం షేర్లు. లెక్కలు చూపించడం లేదని, బ్లాకులు సొంత మనుషులకు తక్కువ రేటుకు తోలుతున్నారని మీరూ తమ్ముడూ కలిసి 2022లో ఎన్‌సీఎల్‌టీలో, అంటే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో, కంపెనీల చట్టం 241వ సెక్షన్ (యాజమాన్యం చేసే అన్యాయం, దుర్వహణ మీద) కింద పిటిషన్ వేశారు. 2024లో రాజీ కుదిరింది. మీ 30 శాతం షేర్లు అన్నయ్య 3 కోట్ల 60 లక్షలకు కొనాలి, ఆరు వాయిదాలు, ఆరు చెక్కులు. నాన్నగారి పేరున యూనిట్ పక్కనే ఉన్న ఎకరన్నర స్థలం మీకు. కంపెనీ పేరున ఉన్న క్వారీ లీజు తమ్ముడికి. మీరు డైరెక్టరుగా తప్పుకున్నారు. రెండు చెక్కులు పాసయ్యాయి, మూడోది వెనక్కొచ్చింది. అడిగితే అన్నయ్య, "అది మనలో మనం రాసుకున్న కాగితం. వాల్యుయేషన్ తప్పు, నా చేత ఒత్తిడి చేసి సంతకం పెట్టించారు. కావాలంటే ఒంగోల్లో దావా వేసుకో" అన్నారు. చెల్లెమ్మేమో "నేను సంతకం పెట్టలేదు, మొత్తం రద్దు చేయిస్తా" అంటోంది. ఇదిలా ఉండగా బ్యాంకు నుంచి మీకు గ్యారంటీ నోటీసు.

నేను లాయర్ని కాను, ప్రాక్టీసింగ్ కంపెనీ సెక్రటరీని. ఈ పిటిషన్లు మద్రాసులో కంపెనీ లా బోర్డు ముందు నడిచిన రోజుల నుంచి తిరుగుతున్నాను. 2016 జూన్ 1న బోర్డు పోయి ఎన్‌సీఎల్‌టీ వచ్చింది. మనం హైదరాబాద్ బెంచికి వెళ్లాం, తర్వాత అమరావతి బెంచికి. ఇన్నేళ్లలో నేను చూసింది ఒక్కటే. రాజీ మీద కోర్టు ముద్ర పడితే సంతకం పెట్టినవాళ్లు కదలడానికి లేకుండా బిగుసుకుపోతారు. సంతకం పెట్టనివాళ్ల వెంట్రుక కూడా కదలదు. మీ అన్నయ్య మొదటి సగం మర్చిపోయారు. మీరు రెండో సగం మర్చిపోయారు.

ఇక ఆ మూడో పేజీ. చివరి పేరాలో రెండు రకాల్లో ఒకటి ఉంటుంది. ఒకటి, "రాజీ మెమో రికార్డు చేయడమైనది, అందులోని షరతులు ఈ ఉత్తర్వులో భాగం, ఆ షరతుల మేరకు పిటిషన్ పరిష్కరించడమైనది" అన్న అర్థం వచ్చే వాక్యం. రెండోది, "పార్టీలు రాజీ పడ్డామని చెప్పినందున పిటిషన్ ఉపసంహరణకు అనుమతించి, ఉపసంహరించినట్టుగా కొట్టివేయడమైనది" అన్నది. చదవడానికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. రెంటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. మొదటి రకమైతే మీ చేతిలో ఉన్నది ట్రిబ్యునల్ ఉత్తర్వు. రెండో రకమైతే మీ చేతిలో ఉన్నది ఒప్పంద పత్రం. అప్పుడు అన్నయ్య చెప్పేది దాదాపు నిజమే.

ఈ తేడా నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. నెల్లూరు వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ, ఇద్దరు వాటాదారులు, ఒకరిది చెరువుల అనుభవం, ఇంకొకరిది డబ్బు. ఏడాదిన్నర కొట్టుకుని చివరికి ఒకరు తప్పుకోడానికి ఒప్పుకున్నారు. సెలవులకు ముందు ఆఖరి పనిదినం, అందరూ తొందరలో ఉన్నారు. పదకొండు పేజీల సెటిల్‌మెంట్ డీడ్ ఎంతో జాగ్రత్తగా రాశాం. దాన్ని ట్రిబ్యునల్ ముందు దాఖలు చేయకుండా, రాజీ పడ్డాం కాబట్టి పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నాం అని ఒక పేజీ మెమో ఇచ్చాం. ఆ మెమో ముసాయిదా నాదే. ఎనిమిది నెలలకు డబ్బు ఆగింది. అమలు కోసం వెళ్తే, "మా ఉత్తర్వులో ఏ షరతూ లేదు కదా, దేన్ని అమలు చేయమంటారు?" అన్నారు. ఆ పెద్దమనిషి కమర్షియల్ కోర్టు దారి పట్టాల్సి వచ్చింది. దావాకు ముందు మీడియేషన్, తర్వాత కోర్టు ఫీజు, తర్వాత సాక్ష్యం. పదకొండు పేజీల డీడ్ మేం ఎంత బాగా రాశామన్నది ఎవరికీ పట్టలేదు. అప్పటి నుంచి ఎవరి ఆర్డరు చేతికొచ్చినా ఆఖరి పేరా చదివాకే మొదటి పేజీకి వెళ్తాను.

మీది మొదటి రకమే అయి ఉంటుందని నా అంచనా. రెండో పేజీ చివర "మెమోను రికార్డులోకి తీసుకుని" అన్న మాట కనిపిస్తోంది. అదే నిజమైతే కింద రాసేవన్నీ మీకు వర్తిస్తాయి.

కంపెనీల చట్టం 2013లో 424(3) సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. ట్రిబ్యునల్ తానుగా అమలు చేయలేకపోతే స్థానిక కోర్టుకు పంపుతుంది. ఉత్తర్వు కంపెనీ మీదైతే రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోటి కోర్టు, మనిషి మీదైతే అతను ఉండే లేదా వ్యాపారం చేసే చోటి కోర్టు. అంటే మీరు ఒంగోలు కోర్టుకు వెళ్లినా వెళ్లేది దావా వేయడానికి కాదు, జప్తు అడగడానికి. అన్నయ్య "దావా వేసుకో" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది పదేళ్ల విచారణ. మీకు విచారణ అవసరమే లేదు.

"అప్పీలు వేస్తా" అంటే? అదీ కుదరదు. 421వ సెక్షన్ రెండో సబ్ సెక్షన్లో ఒక్క వాక్యమే ఉంది: పార్టీల సమ్మతితో ఇచ్చిన ఉత్తర్వు మీద అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు అప్పీలు లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 96(3) కూడా డిక్రీల విషయంలో ఇదే చెప్తుంది. పోనీ రాజీ చెల్లదంటూ వేరే సివిల్ దావా వేస్తానంటే, అక్కడ ఆ కోడ్‌లోనే రాజీ డిక్రీ మీద వేరే దావా వద్దనే 23వ ఆర్డర్ 3ఎ రూల్ అడ్డం పడుతుంది, కంపెనీ వ్యవహారాల్లో సివిల్ కోర్టుల్ని దూరం పెట్టే 430వ సెక్షన్ ఎటూ ఉంది. రాజీ చెల్లదనుకునే పార్టీ ఆ రాజీని రికార్డు చేసిన కోర్టు ముందుకే వెళ్లి చెప్పుకోవాలని సుప్రీంకోర్టు 2006లో పుష్పాదేవి భగత్ కేసులో తేల్చింది. కాబట్టి మీ అన్నయ్యకు మిగిలిన తలుపు ఒక్కటే, అదే బెంచి ముందు రీకాల్ అప్లికేషన్. ట్రిబ్యునల్‌కు తన తీర్పును తానే పునఃసమీక్షించుకునే అధికారం లేదు కానీ, మోసం లాంటి కారణాలుంటే ఉత్తర్వును వెనక్కి తీసుకునే అధికారం ఉందని అప్పిలేట్ ట్రిబ్యునల్ అయిదుగురు సభ్యుల బెంచి 2023 మేలో చెప్పింది.

అక్కడికి వెళ్లి ఆయన ఏం చెప్తారు? "ఒత్తిడి" అనే మాట ఒక్కటీ చెప్తే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమని బెదిరించారో వివరంగా రాయాలి. ఆయన పక్కన లాయరున్నారు, ఆడిటరున్నారు, అఫిడవిట్ మీద సంతకం ఉంది. పైగా రాజీ వల్ల వచ్చిన లాభం ఆయన జేబులో వేసుకున్నారు. మీరు బోర్డు నుంచి తప్పుకున్నారు, ఆయన డీఐఆర్-12 (డైరెక్టర్ల మార్పు తెలిపే ఫారం) ఫైల్ చేయించారు, రెండు వాయిదాలు కట్టారు. తీపి తినేసి చేదు ఉమ్మేస్తానంటే ఏ బెంచీ ఒప్పుకోదు. వాల్యుయేషన్ సంగతైతే అసలు కారణమే కాదు. ఎక్కువ ధరకు ఒప్పుకున్నానన్నది బాధే గానీ మోసం కాదు.

"పొరపాటున అలా రాసుకున్నాం" అన్న వాదన ఎంత దూరం పోతుందో చూడాలంటే అజంతా, క్యాషియో కేసు చూడండి. క్యాలిక్యులేటర్ల డిజైను గొడవ. ఢిల్లీ హైకోర్టు మీడియేషన్లో రాజీ కుదిరి డిక్రీ అయ్యింది. తర్వాత అజంతా వాళ్లు, ఒక షరతు పొరపాటున పడింది, సవరించండి అని వెళ్లారు. 2022లో సుప్రీంకోర్టు కుదరదంది. ఆ షరతుల గురించి రెండు పక్షాల లాయర్లూ ముందే ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుకున్నారు, అందులో అస్పష్టత ఏమీ కనిపించలేదు, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే పొరపాటైతే తప్ప సమ్మతి డిక్రీని మార్చడానికి లేదని చెప్పింది. మీ రాజీకి ముందు రెండు వైపులా తిరిగిన ముసాయిదాలు, ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు ఉంటే ఈ రోజే విడిగా దాచి పెట్టుకోండి. అన్నయ్య రీకాల్‌కు వెళ్తే అవే మీ సాక్ష్యం.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. మీ అన్నయ్య మాటలో కాస్త నిజం లేకపోలేదు. రాజీ ఉత్తర్వు కోర్టు ఆలోచించి ఇచ్చిన తీర్పు కాదు. మన ఆంధ్రా నుంచే వెళ్లిన పులవర్తి వెంకట సుబ్బారావు, వల్లూరి జగన్నాధరావు కేసులో 1963లోనే సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. రాజీ డిక్రీలో కోర్టు ఏదీ నిర్ణయించదు, పార్టీలు ఒప్పుకున్నదాని మీద తన ముద్ర మాత్రం వేస్తుంది. అయినా ఒప్పుకున్న మనిషి తర్వాత అడ్డం తిరగకుండా అది ఆపుతుంది. అంతకుముందు 1954లో సోంటక్కే అన్నదమ్ముల కేసులో, సమ్మతి డిక్రీ కూడా పోట్లాడి తెచ్చుకున్న డిక్రీ అంత గట్టిగానే పార్టీలను కట్టి పడేస్తుందని చెప్పింది. రెండూ కలిపి చదివితే కాగితం గట్టిది, కానీ ఆ గట్టితనం మీరు రాసుకున్న మాటల వరకే. మీరు రాయని మాటను కోర్టు కలపదు.

రాయని మాట అంటే ఎలాంటిది? మీ మెమోలో అయిదో క్లాజు చూడండి: "మొదటి ప్రతివాది పై మొత్తాన్ని ఆరు వాయిదాల్లో చెల్లించవలెను." అక్కడితో అయిపోయింది. ఒక వాయిదా తప్పితే ఏమవుతుంది? మిగిలిన నాలుగూ ఒకేసారి ఇవ్వాలా, లేక ఒక్కొక్కటీ గడువు వచ్చేదాకా ఆగాలా? వడ్డీ ఎంత? ఏమీ లేదు. అమలు చేసే కోర్టు డిక్రీ వెనక్కి వెళ్లదు, దానికి వడ్డీ అతికించదు. కాబట్టి ఇవాళ మీరు అమలుకు వెళ్తే వెనక్కొచ్చిన మూడో వాయిదా 60 లక్షలకే వెళ్లగలరు. నాలుగో దానికి దాని తేదీ రావాలి. నేనైతే అదే క్లాజు ఇలా రాసేవాణ్ని: "మొదటి ప్రతివాది 4 కోట్లు చెల్లించవలసి ఉన్నదని ఒప్పుకున్నారు. ఆరు వాయిదాలూ తేదీ తప్పకుండా చెల్లించినచో 3 కోట్ల 60 లక్షలతో బాకీ పూర్తిగా తీరినట్లు పరిగణించవలెను. ఏ వాయిదా అయినా పదిహేను రోజులు మించి ఆలస్యమైనచో మిగిలిన మొత్తం ఒకేసారి, ఆ తేదీ నుంచి సాలుకు 12 శాతం వడ్డీతో చెల్లించవలెను. ఇందుకు ట్రిబ్యునల్ ముందు హామీ ఇచ్చుచున్నారు." ఆలస్యానికి జరిమానా అని రాస్తే అది శిక్ష కింద లెక్కకొచ్చి కోర్టు తగ్గించే వీలుంటుంది. సకాలంలో కడితే రాయితీ అని రాస్తే ఆ ఇబ్బంది తక్కువ. లెక్క అదే, రాసే తీరే వేరు.

చివరి వాక్యంలో "హామీ" అన్నది ఊరికే పెట్టలేదు. 425వ సెక్షన్ కింద ఎన్‌సీఎల్‌టీకి హైకోర్టుకున్నట్టే ధిక్కార అధికారం ఉంది. కానీ డబ్బు కట్టకపోవడం ఒక్కటే ధిక్కారం అయిపోదు. కోర్టుకు హామీ ఇవ్వకుండా కేవలం సమ్మతి ఉత్తర్వు ఉంటే అమలుకు వెళ్లాలి గాని ధిక్కారానికి కాదని 1979లో బాబూరామ్ గుప్తా కేసులో చెప్పారు. 2006లో నారంగ్ కుటుంబం హోటల్ కంపెనీ గొడవ, తండ్రికీ కొడుకులకూ మధ్యది, అందులో సుప్రీంకోర్టు ఇంకో మాట కలిపింది. అమలు చేయించుకునే దారి ఉన్నంత మాత్రాన ధిక్కార అధికారం పోదని. నా సలహా, ముందు అమలు అప్లికేషన్ వేయండి. ధిక్కారం దాని వెనక రావాలి, అదీ ఆయన కావాలనే ఎగ్గొడుతున్నారని చూపించగలిగితే. ఇంట్లో మనిషిని మొదటి రోజే జైలు మాటతో బెదిరిస్తే తర్వాత మాట్లాడుకోడానికి ఏమీ మిగలదు.

సరదాగా ఒక మాట. మన పాత కోర్టు భాషలో రాజీ పత్రాన్నే రాజీనామా అనేవారు. ఇప్పుడు ఆ మాట ఉద్యోగం వదులుకోడానికి అంటుకుపోయింది. మీరు ఒకే రోజు రెండు రాజీనామాలూ ఇచ్చారు. డైరెక్టరు పదవికిచ్చింది వెంటనే అమలైపోయింది, డబ్బుకు సంబంధించింది ఆరు వాయిదాలకు నడుస్తోంది. ఇలా చేయకుండా ఉండాల్సింది. ఒక్కో వాయిదా పడుతుంటే ఒక్కో వంతు షేర్లు బదిలీ అయ్యేలా పెట్టుకోవాలి. మీ షేర్లు ఇంకా మీ పేరునే ఉన్నాయా, షేర్ల బదిలీ ఫారం ఎస్‌హెచ్-4 మీద సంతకం పెట్టి ఇచ్చేశారా, డీమ్యాట్‌లో ఉంటే స్లిప్ ఇచ్చేశారా, అది రాయండి. ఇవ్వకపోతే ఇవ్వకండి.

ఇప్పుడు సంతకం పెట్టనివాళ్ల వైపు వద్దాం. మీ గుండె గట్టిగా కొట్టుకోవాల్సింది ఇక్కడే.

మీ స్నేహితుడు "కోర్టు ఒప్పుకున్న రాజీ ఒప్పుకోనివాళ్లకు కూడా వర్తిస్తుంది" అన్నాడని రాశారు. ఆయన చెప్పింది 230వ సెక్షన్ గురించి. అది వేరే బండి. కంపెనీకీ, దాని అప్పులవాళ్లకూ లేదా వాటాదార్లకూ మధ్య పెట్టే స్కీము. మీటింగ్ పెట్టి, ఓటేసినవాళ్లలో విలువ ప్రకారం నాలుగింట మూడొంతులు ఒప్పుకుని, ట్రిబ్యునల్ మంజూరు చేస్తే అప్పుడది ఆ వర్గంలో వద్దని ఓటేసినవాళ్లను కూడా కడుతుంది. మీది అది కాదు. మీది 241 పిటిషన్లో పార్టీల మధ్య రాజీ.

ఈ రెంటికీ తేడా దేశమంతా చూసిన కేసు అంబానీ సోదరులది. 2005లో అన్నదమ్ములిద్దరూ, తల్లీ కలిసి కుటుంబ ఒప్పందం రాసుకున్నారు. ఆ ఏడాది చివర్లో బాంబే హైకోర్టు విభజన స్కీమును మంజూరు చేసింది. గ్యాస్ ధర దగ్గర తగువొచ్చి 2010 మేలో సుప్రీంకోర్టుకు వస్తే, స్కీము కంపెనీలను కడుతుంది గానీ కుటుంబం లోపల రాసుకున్న ఒప్పందం లక్షలమంది వాటాదార్లున్న కంపెనీని చట్టపరంగా కట్టదని మెజారిటీ తీర్పు. అంత పెద్ద ఇంట్లోనే అలా ఉంటే మనమెంత. మీ మెమోలో కంపెనీ తరఫున ఎవరైనా సంతకం పెట్టారా? కంపెనీ పిటిషన్లో ప్రతివాది కాబట్టి పెట్టి ఉండాలి. చూడండి. ఇలాంటిదే ఇంకొకటి. "షేర్లు అమ్మాలంటే ముందు తమ్ముడికే చూపాలి" అని మీ ఏడో క్లాజులో ఉంది. అలాంటి కట్టుబాటు కంపెనీ ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ సొంత నిబంధనావళిలో, లేకపోతే కంపెనీని కట్టదని రంగరాజ్ కేసులో 1991లోనే చెప్పారు. ఆర్టికల్స్ సవరణ జరిగిందో లేదో తమ్ముడిని కనుక్కోమనండి.

బ్యాంకు. మీరు కంపెనీ క్యాష్ క్రెడిట్‌కు (రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పుకు) వ్యక్తిగత గ్యారంటీ ఇచ్చారు. "కంపెనీ అప్పులన్నీ మొదటి ప్రతివాదివే" అని మెమోలో రాసుకుని నిశ్చింతగా ఉన్నారు. బ్యాంకు ఆ మెమో మీద సంతకం పెట్టలేదు, దానికి ఆ సంగతే తెలియదు. డైరెక్టరుగా తప్పుకున్నంత మాత్రాన గ్యారంటీ పోదు. ఆ క్లాజు వల్ల మీకొచ్చేది ఒక్కటే, మీరు బ్యాంకుకు కట్టాల్సి వస్తే అన్నయ్య దగ్గర రాబట్టుకునే హక్కు. కాంట్రాక్టు చట్టం 130వ సెక్షన్ కింద, ఇకముందు ఇచ్చే అప్పులకు నా గ్యారంటీ లేదని బ్యాంకుకు రాసివ్వచ్చు. పాత బాకీకి అది పనికిరాదు, పైగా కొన్ని గ్యారంటీ పత్రాల్లో దానికీ షరతులుంటాయి. అయినా రిజిస్టర్డ్ పోస్టులో రేపే పంపండి, ఇవాళ్టి నుంచి పెరిగే బాకీ అయినా మీ నెత్తిన పడకుండా ఉంటుంది. నేను రాయించే రాజీల్లో, బ్యాంకు నుంచి గ్యారంటీ విడుదల లేఖ వచ్చిన రోజే ఆఖరి విడత షేర్లు చేతులు మారతాయి. మీకు ఆ అవకాశం ఇంకా ఉండొచ్చు.

క్వారీ లీజు సంగతి తమ్ముడిది కాబట్టి పొడుగ్గా రాయను. లీజు ఇచ్చింది ప్రభుత్వం. గనుల శాఖ అనుమతి లేకుండా అది ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోదు. ట్రిబ్యునల్ ఉత్తర్వు చూపించినంత మాత్రాన గనుల శాఖ పేరు మార్చదు. అన్నయ్య కంపెనీ తరఫున బదిలీ దరఖాస్తు మీద సంతకం పెట్టేలా చేయించుకోవడమే ఆ ఉత్తర్వుతో తమ్ముడికి దొరికేది.

చెల్లెమ్మ దగ్గరకొచ్చేసరికి మీరు లెక్క తప్పారు. "5 శాతం వాటాతో ఏం చేయగలదు" అని రాశారు. 244వ సెక్షన్లో పదో వంతు మూలధనం ఒక్కటే కాదు, సభ్యుల్లో పదో వంతు అన్న దారి కూడా ఉంది. మీ కంపెనీలో సభ్యులు నలుగురు. నలుగురిలో ఒకరంటే పదో వంతు కన్నా ఎక్కువే. కాబట్టి 5 శాతమున్నా, 1 శాతమున్నా ఆమె సొంతంగా పిటిషన్ వేయగలదు. అప్పీలు లేదన్న నిబంధన కూడా ఒప్పుకున్న పార్టీలకే గాని ఒప్పుకోని ఆమెకు అడ్డం కాదని నా అభిప్రాయం. అయితే మీ షేర్లు అన్నయ్య కొనడం వల్ల ఆమెకు జరిగిన నష్టమేంటో చూపించాలి, అది అంత తేలిక కాదు. షేర్ల వరకు నేను ఆమె గురించి కంగారు పడను.

కంగారు పడాల్సింది ఎకరన్నర స్థలం గురించి. అది కంపెనీది కాదు, నాన్నగారిది. విల్లు లేకుండా పోయారని రాశారు. ఆయన స్వార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా కూతురికీ, ఉన్నట్లయితే అమ్మగారికీ వాటా ఉంటుంది. అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని చెల్లెలి వాటా కూడా కలిపి మీకు ఇచ్చేశారు. తనది కానిదాన్ని ఎవరూ ఇవ్వలేరు, దాని మీద ఎన్ని ముద్రలు పడినా. ఆమె కోపం 5 శాతం షేర్ల మీద అని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం ఆ స్థలం మీదే అనిపిస్తోంది. చీమకుర్తిలో యూనిట్లను ఆనుకుని ఉన్న నేల ఏ ధర పలుకుతుందో మీకు నేను చెప్పాలా?

ఆ స్థలానికి ఇంకో చిక్కుంది. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ రెండో భాగంలో ఆరో అంశం ప్రకారం కోర్టు డిక్రీలకు మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ రాజీ మీద వచ్చిన డిక్రీలో, ఆ కేసుకు సంబంధం లేని స్థిరాస్తి ఉంటే రిజిస్ట్రేషన్ తప్పదు. మీ పిటిషన్ కంపెనీ గురించి. నాన్నగారి స్థలం అందులో వివాదంగా లేదు. కాబట్టి ఆర్డరు కాపీ పట్టుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లినా, తహసీల్దారు దగ్గరకు వెళ్లినా పని కాదు. స్టాంపు డ్యూటీ కట్టి, అన్నయ్య, తమ్ముడు, చెల్లెమ్మ, అమ్మగారు అందరూ సంతకాలు పెట్టిన పత్రం ఒకటి రిజిస్టరు కావాలి. చెల్లెమ్మకు ఆమె వాటా తాలూకు డబ్బిచ్చి ఆ పత్రం మీద సంతకం పెట్టించుకోవడమే మంచిది. ఆ ఖర్చు అన్నయ్య భరించాలని అడగొచ్చు, ఇస్తారని ఆశ పెట్టుకోకండి. ముందు మీరే వెళ్లి కనపడండి, లాయరు నోటీసు ముందు పోకూడదు. అన్నల మధ్య జరిగిన పంపకంలో తనను ఎవరూ పిలవలేదన్నదే చాలా ఇళ్లల్లో ఆడపిల్లల మనసులో ఉండే ముల్లు.

కొందరు మీకు లోక్ అదాలత్ సలహా ఇచ్చారట. లోక్ అదాలత్ అవార్డుకు కూడా 1987 చట్టం 21వ సెక్షన్ కింద డిక్రీ బలం ఉంది, అప్పీలు లేదు. చెల్లెమ్మతో స్థలం సంగతి తేల్చుకోడానికి అది పనికొస్తుంది. కంపెనీ సంగతికి మళ్లీ అక్కడికి వెళ్లాల్సిన పని లేదు, ఉన్న ఉత్తర్వు చాలు.

పాత పిటిషన్ మళ్లీ తెరవొచ్చా అని అడిగారు. "షరతులు తప్పితే పునరుద్ధరించుకునే స్వేచ్ఛ ఉంది" అని మూడో పేజీలో రాసి ఉంటే తెరవొచ్చు. ఉన్నా నేను తెరవమనను. 2022 నాటి లెక్కల గొడవలోకి మళ్లీ దిగితే, చేతిలో ఉన్న తేలిన బాకీని మీరే వివాదంగా మార్చుకున్నట్టు. ఇంకో చిన్న పని. 242(3) ప్రకారం ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని కంపెనీ 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఐఎన్‌సి-28 ఫారంలో దాఖలు చేయాలి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్లో కంపెనీ డాక్యుమెంట్లు తీసి చూడండి. ఆ ఫారం అన్నయ్య డిజిటల్ సంతకంతోనే పడి ఉంటే, "అది మనలో మనం రాసుకున్న కాగితం" అన్న వాదనకు జవాబు ఆయనే ఇచ్చినట్టు.

ఇక అన్నిటికన్నా తొందర పని చెక్కు. రాజీ కింద ఇచ్చిన చెక్కు బౌన్సైతే అది కొత్త నేరమే, దాని మీద నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు విడిగా నడుస్తుందని 2021లో జింపెక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమలు అప్లికేషన్, 138 కేసు రెండూ పక్కపక్కన నడిపించుకోవచ్చు. కానీ బ్యాంకు చెక్కు వెనక్కి పంపిన సంగతి మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి. నోటీసు అందాక కట్టడానికి ఆయనకు 15 రోజులు, అది దాటాక నెలలోపు కంప్లయింటు. చెక్కు ఎప్పుడు వెనక్కొచ్చిందో మీరు రాయలేదు. "పోయిన నెల" అన్నారంతే. రిటర్న్ మెమో మీద తేదీ చూడండి. 30 రోజులు ఇంకా దాటకపోతే ఈ సమాధానం పక్కన పెట్టి ముందు ఆ నోటీసు పంపించండి. దాటిపోతే, చెక్కు తేదీ నుంచి మూడు నెలలు ఇంకా అవలేదేమో చూసి, మళ్లీ బ్యాంకులో వేయండి. మూడో పేజీ ఫొటో తర్వాత పంపినా ఫర్వాలేదు.